బిడ్డతో పోయే వలస, బిడ్డను విడిచిపోయే వలస

వలస అనే మాటకు మన తెలుగు సమాజంలో రెండు నిఘంటువులున్నాయి. ఊర్లోని ఆసామి కొడుకు పెళ్లాం పిల్లలతో డల్లాస్‌లో ఇల్లు తీసుకుంటే 'అమెరికాలో సెటిలయ్యాడు' అంటారు. వాడలోని తల్లి కువైట్ పోతే 'పిలకాయల్ని ముసలిదాని మీద పడేసి పోయింది' అంటారు. మొదటి మాటలో మెప్పు ఉంది, రెండో మాటలో నింద ఉంది. ఇద్దరూ దేశం దాటినవాళ్లే, ఇద్దరికీ చిన్న పిల్లలున్నారు. ఒకరి పిల్లలు వెంట పోయారు, మరొకరి పిల్లలు వాడలో మిగిలారు. ఈ తేడాకు తల్లి ప్రేమను కొలబద్ద చేసి మాట్లాడే పెద్దమనుషులకు సమాధానం చెప్పాలంటే ముందు ఆ తేడా ఎక్కడ పుడుతున్నదో తెలుసుకోవాలి. పశ్చిమ ప్రకాశాన్ని దృష్టిలో పెట్టుకొని మేము ఆ పని చేయదలిచాం.

మెట్టనేల, పలక, పాస్‌పోర్టు

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. పడమట నల్లమల, దిగువన గుండ్లకమ్మ, మధ్యలో వానమీద బతికే రాతినేల. కంభం చెరువు కింద మాగాణి ఎవరి చేతిలో ఉందో, గట్టు పక్క రాళ్లచేను ఎవరికి పట్టా ఇచ్చారో చూస్తే ఈ ప్రాంతపు కులవ్యవస్థ మొత్తం కళ్లముందు కనపడుతుంది. 4.47 లక్షల ఎకరాలకు నీళ్లిస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. రెండు సొరంగాల తవ్వకం పూర్తయిందని 2024 మార్చిలో ప్రకటించేసరికి, శంకుస్థాపన నాటికి పుట్టిన ఆడపిల్లలు తల్లులయ్యారు. ఈలోగా గుంటూరు మిరప కోతలకు, హైదరాబాదు, బెంగళూరు కట్టుబడి పనులకు వలసలు సాగుతూనే ఉన్నాయి. గిద్దలూరు నుంచి పోరుమామిళ్ల, బద్వేలు మీదుగా కడపసీమకు పోయే దారి ఒకటుంది. కువైట్ కబురు ఈ పల్లెలకు చేరిన దారుల్లో అదీ ఒకటి.

మార్కాపురానికి పేరు తెచ్చింది పలక. ఇక్కడి రాతిని కోసి, అరగదీసి, చట్రం బిగించి పంపిన పలకల మీద ఎన్నో ఊర్ల పిల్లలు ఓనమాలు దిద్దారు. ఆ పలకల పనిలో రాతిదుమ్ము పీల్చినవాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. 1987 జాతీయ బాలకార్మిక విధానం తర్వాత 1988లో మొదలైన ప్రాజెక్టుకు ఎంచుకున్న తొలి కేంద్రాల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజుపనితోపాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉండటమే దీనికి సాక్ష్యం. అందరికీ పలక చేసిచ్చిన చేతులకు బడి దక్కలేదు.

ఈ సంగతికీ విదేశీ వలసకూ నేరుగా సంబంధం ఉంది. భారత ప్రభుత్వం ఇచ్చే పాస్‌పోర్టుల్లో రెండు రకాలున్నాయి. పదో తరగతి పాసైనవాళ్లకు మామూలు పాస్‌పోర్టు వస్తుంది. పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద, కొన్ని మినహాయింపులు పోను, 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ఉంటుంది. దీన్నే వాడుకలో ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు అంటున్నారు. ఇది ఉన్నవాళ్లు గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి చోట్లకు పనికోసం పోవాలంటే 1983 వలసచట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పదో తరగతి దగ్గర బడిమానిన పిల్ల ఇరవై ఏళ్ల తర్వాత విమానాశ్రయంలో ఏ వరసలో నిలబడుతుందో ఆనాడే తేలిపోయింది. విదేశాంగ శాఖ ఎవరి కులమూ అడగదు, పదో తరగతి మాత్రమే అడుగుతుంది. ఆ పదో తరగతి ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో కులం అంతకుముందే చూసుకుంది.

యజమాని అవసరాన్ని బట్టి బిడ్డ

పేద వలసకూలీ పిల్లల్ని వదిలిపోవడం ఎప్పుడూ ఉన్నదే కదా అని కొందరంటారు. చరిత్ర అట్లా లేదు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు మారిషస్, నేటాల్, ఫిజీ చెరకు తోటలకు మన కూలీల్ని ఒప్పంద పత్రాల మీద ఓడలెక్కించారు. నేటాల్‌కు 1860 నుంచి 1911 దాకా ఈ ఓడలు నడిచాయి. ఓడ జాబితాల్లో మనిషి పేరు పక్కనే కులం పేరు కూడా రాసుకున్నారు. మాల, మాదిగ పేర్లు అక్కడ కనపడతాయి. తెలుగువాళ్లలో ఎక్కువమంది విశాఖ, గోదావరి వైపు నుంచి పోయినవాళ్లు. ఫిజీ వంటి చోట్లకు పంపేటప్పుడు ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలని నియమం. చంకన బిడ్డలతో పోయినవాళ్లున్నారు, తోటల లైన్లలో పిల్లల్ని కన్నవాళ్లున్నారు.

తోట యజమానికి దయ పుట్టి ఈ ఏర్పాటు చేయలేదు. వాళ్లకు ఏళ్ల తరబడి కదలని కూలీ కావాలి, ఆ కూలీ తర్వాత ఆయన కొడుకు కావాలి. మలయా రబ్బరు తోటల్లోనూ కుటుంబాలనే దింపారు. అక్కడ 1923 లేబర్ కోడ్ కూలీల పిల్లలకు తోటలోనే బడి పెట్టాలంది. ఆ బడి చదువు పిల్లల్ని తోట దాటించేంత పెద్దది కాదు. అదే కాలంలో రంగూన్ రేవులకు, బియ్యం మిల్లులకు పోయిన తెలుగువాళ్లలో మగవాళ్లే అత్యధికం. అక్కడి పనికి ఒంటరి మగవాడు చాలు, పని తగ్గితే ఓడెక్కించి తిప్పి పంపొచ్చు. ఒప్పందం తీరాక నేటాల్‌లోనే కాపురం ఉంటామన్న కూలీల మీద 1895లో ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు. 1903లో వయసొచ్చిన వాళ్ల పిల్లలకూ దాన్ని తగిలించారు. 1914లో గాని అది పోలేదు. ఒప్పందం ఉన్నంతకాలం కుటుంబం కావాలి, ఒప్పందం తీరాక ఆ కుటుంబమే భారమైంది.

దీన్నిబట్టి ఒక సూత్రం తేలుతుంది. కొత్త దేశంలో కూలీ బిడ్డకు చోటుంటుందా లేదా అన్నది ఆ దేశపు యజమాని అవసరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఇవాళ్టి కువైట్ ఈ సూత్రానికి నిలువెత్తు ఉదాహరణ.

60 దినార్లు, 800 దినార్లు

కువైట్‌లో విదేశీయుల నివాసానికి రకరకాల వీసాలున్నాయి. ఇంటిపనికి పోయేవాళ్లది 20వ ఆర్టికల్ వీసా, మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. కంపెనీల్లో పనిచేసేవాళ్లది 18వ ఆర్టికల్. భార్యాబిడ్డలుగా పోయి ఉండేవాళ్లది 22వ ఆర్టికల్. ఖాదిం వీసా మీదున్న మనిషి తన కుటుంబాన్ని పిలిపించుకోవడానికి వీల్లేదు. కంపెనీ వీసా ఉన్నవాళ్లు పిలిపించుకోవచ్చుగాని దానికి జీతం గీత ఉంది. 2019లో ఆ గీతను 450 దినార్ల నుంచి 500కు పెంచారు. 2024 జనవరిలో 800 చేశారు. మొదట డిగ్రీ కూడా ఉండాలన్నారు, అదే ఏడాది జూలైలో డిగ్రీ నిబంధన సడలించారు, జీతం గీత మాత్రం తగ్గించలేదు.

దీని పక్కన మరో అంకె పెట్టి చూడాలి. ఇంటిపని వాళ్లకు కువైట్ 2016లో నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దినార్లు. అంటే కుటుంబాన్ని పిలిపించుకునే అర్హతకు ఒక్క నెలలో కావాల్సినంత సంపాదించడానికి ఆ జీతం మీదున్న మనిషికి 13 నెలలు దాటుతుంది. అంతకు రెట్టింపు జీతం వచ్చే ఇల్లు దొరికినా లెక్క మారదు. పిల్లల్ని ఎందుకు తీసుకుపోలేదని అడిగేవాళ్లు ముందు ఈ రెండంకెలను పక్కపక్కన రాసుకోవాలి.

2010లో కువైట్ చేసిన ప్రైవేటు రంగ కార్మిక చట్టం ఇంటిపని వాళ్లను లెక్కలోంచి తీసేసింది. 2015లో వాళ్ల కోసం విడిగా 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవివ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అందులో ఉంది. ఈ హక్కులు ఉన్నాయని పోయేవాళ్లకు తెలియజెప్పడం మన పని. అయితే ఆ చట్టం కూడా ఆమెను పనిమనిషిగా చూసింది, తల్లిగా చూడలేదు. అక్కడి ఇంట్లో యజమానిని 'బాబా' అని, యజమానురాలిని 'మామా' అని పిలుస్తూ వాళ్ల బిడ్డకు అన్నం తినిపించి నిద్రపుచ్చడమే ఆమె ఉద్యోగం. ఆ ఇంటికి ఆమె మాతృత్వం కావాలి, ఆమె బిడ్డ అక్కర్లేదు.

30 ఏళ్ల కట్టడి

మన ప్రభుత్వం వైపు నుంచి మరో నిబంధన ఉంది. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి 30 ఏళ్లు నిండకుండా ఈ దేశాలకు ఇంటిపనికి పోకూడదు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అటువంటి సంస్థ. పదో తరగతి పాసైన ఆడమనిషికి ఈ వయసు కట్టడి లేదు. కాపాడటానికే ఈ నియమం అంటారు. వాడలో ఇది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై రెండేళ్లకు ఇద్దరు పిల్లలు, ఇరవై అయిదేళ్లకు అప్పు. చట్టం ప్రకారం ఇంకా అయిదేళ్లు ఆగాలి, వడ్డీ మాత్రం ఆగదు. అప్పుడు ఏజెంటు వస్తాడు. వయసు పెంచి పాస్‌పోర్టు తీయిస్తాడు, లేదా విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో దించి అక్కడి నుంచి దాటిస్తాడు.

ఇందులో చిన్నపిల్లలకు జరిగే నష్టం ఎవరూ లెక్కపెట్టరు. అనుమతి తీసుకొని పోయిన కార్మికురాలికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పోయిన తల్లికి ఏదైనా అయితే ఆ డబ్బు బిడ్డకు రాదు. తల్లి పాస్‌పోర్టులో వయసు ఒకటి, రేషన్ కార్డులో వయసు ఒకటి ఉంటే రేపు బిడ్డ కాగితాలన్నిటిలో ఆ చిక్కు తగులుకుంటుంది. కాపాడతానన్న చట్టం దొంగదారి చూపించి, ఆ దారిలో పోయినందుకు తల్లినే నేరస్తురాల్ని చేస్తున్నది.

వాడలో మిగిలిన బిడ్డ

తల్లి పోయాక బిడ్డ జేజి దగ్గరో, అమ్మమ్మ దగ్గరో, పిన్నమ్మ దగ్గరో ఉంటుంది. "మాకు హాస్టళ్లు లేవా, గురుకులాలు లేవా" అని అధికారులంటారు. ఉన్నాయి. అంబేద్కర్ గురుకులాల్లో చేర్చుకునేది అయిదో తరగతి నుంచి. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఆరు నుంచి. అంగన్‌వాడీ ఆరేళ్లలోపు పిల్లలకు పగటిపూట తిండి పెడుతుంది, రాత్రికి పిల్ల ఇంటికి రావాల్సిందే. అంటే తల్లి అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండే మొదటి తొమ్మిది, పదేళ్లలో ప్రభుత్వ ఏర్పాటు అంతా ఒక ముసలామె ఓపిక మీద ఆధారపడి ఉంది. జేజికి జొరమొస్తే బడి మానేది ఆ బిడ్డే, ముఖ్యంగా ఆడబిడ్డ.

అంబేద్కర్ జీవితాన్ని కూడా ఈ కోణంలో చూడాలి. 1913లో ఆయన బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. స్కాలర్‌షిప్ ఒక్క మనిషికే. రమాబాయి పసిబిడ్డతో బొంబాయిలో పేదరికంతో పోరాడింది. వాళ్లకు పుట్టిన అయిదుగురు పిల్లల్లో యశ్వంత్ ఒక్కడే బతికి పెద్దవాడయ్యాడు. మనం రమాబాయి త్యాగాన్ని సభల్లో పాడుకుంటున్నాం. పాడుకోవాల్సిందే. కాని దళిత కుటుంబం దేశం దాటిన ప్రతిసారీ ఒక ఆడమనిషి, ఒక పసిబిడ్డ మూల్యం చెల్లించాల్సిందేనా అన్న ప్రశ్నను ఆ పాట కింద దాచకూడదు.

పిల్లలతో పోయిన కొద్దిమంది

రిజర్వేషన్ వల్ల చదువుకొని, ఇంజనీరింగో నర్సింగో చేసి, భార్యాబిడ్డలతో విదేశాల్లో స్థిరపడిన దళిత కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో హెచ్-1బి వీసా రావాలంటే డిగ్రీ ఉండాలి. అది ఉన్నవాళ్ల భార్యకు లేదా భర్తకు, 21 ఏళ్లలోపు పిల్లలకు హెచ్-4 వీసా వస్తుంది. ఇక్కడ కూడా తలుపు తీసింది చదువే.

ఆ తలుపు దాటాక కులం అయిపోతుందా? కొత్త దేశంలో చిన్నపిల్లలున్న కుటుంబానికి తోడు కావాలి. ఇల్లు చూపించేవాళ్లు, పిల్లల డాక్టరు పేరు చెప్పేవాళ్లు, పండగనాడు పిలిచేవాళ్లు సాధారణంగా సొంత భాష వాళ్లే అవుతారు. తెలుగువాళ్లలో ఆ తోడు చాలాచోట్ల కులం వెంట నడుస్తుంది. 'మీ ఇంటిపేరేంటి, మీదే ఊరు' అనే ప్రశ్న డల్లాస్‌లోనూ వినపడుతుంది. పుట్టినరోజు విందుకు ఎవరి పిల్లల్ని పిలిచారో, ఎవరిని పిలవలేదో చూసి పిల్లలు తమ కులం తెలుసుకుంటారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ మీద కులవివక్ష కేసు వేశాకే అక్కడి పత్రికలకు ఈ సంగతి పట్టింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తిప్పిపంపాడు. బ్రిటన్‌లో 2013లో పార్లమెంటు కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చమని చెప్పినా, 2018లో ప్రభుత్వం చేర్చబోమని తేల్చింది.

దేశం దాటకుండానే పరాయి దేశం

పశ్చిమ ప్రకాశం దళితుల్లో ఎక్కువమందికి పిల్లల్ని వెంట తీసుకుపోగలిగిన 'కొత్త దేశం' బెంగళూరో హైదరాబాదో. నంద్యాల, గుంటూరు రైలు దారిలో గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్లున్నాయి. అక్కడ మూటలతో పాటు పిలకాయలూ రైలెక్కుతారు. కట్టుబడి షెడ్డు పక్కన రేకుల గుడిసె, కన్నడం తెలియని పిల్ల, బడి ఎక్కడుందో తెలియని తల్లి. పాస్‌పోర్టు లేదన్న మాటేగాని కష్టాలు అవే.

ఇక్కడ ఇంకో నష్టం తోడవుతుంది. షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. సొంత రాష్ట్రంలో ఉన్న హోదా వలసపోయిన రాష్ట్రంలో రిజర్వేషన్‌కు పనికిరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు చెప్పింది. 2018లో బీర్‌సింగ్ కేసులో కూడా ఆ సూత్రాన్నే నిలబెట్టింది. మాదిగ, మాల కులాల పేర్లు కర్ణాటక జాబితాలో ఉన్నా, మార్కాపురం నుంచి బతకపోయిన కుటుంబానికి అక్కడి రిజర్వేషన్ వర్తించదు. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాదు కూడా పరరాష్ట్రమే. అంటరానితనం హద్దు దాటి వెంట వస్తుంది, దానికి పరిహారంగా ఇచ్చిన హక్కు మాత్రం హద్దు దగ్గర ఆగిపోతుంది.

చేయాల్సిన పని

కువైట్ వీసా గీతను మనం మార్కాపురంలో కూర్చొని మార్చలేం. మార్చగలిగినవి చాలా ఉన్నాయి. టీచర్లు, కార్యకర్తలు, విద్యార్థులు వాడల్లో చెప్పాల్సిన సంగతులు కొన్ని కింద ఇస్తున్నాం.

బిడ్డ పుట్టుక నమోదు అన్నిటికన్నా ముందు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడికైనా, పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారమని సవరించిన చట్టం చెబుతున్నది. మగడు వదిలేసిన తల్లులు భయపడాల్సిన పని లేదు. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు. విదేశంలో బిడ్డ పుడితే ఏడాదిలోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. అది దాటితే పౌరసత్వమే చిక్కులో పడుతుంది.

పోయే తల్లి తన పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం, బీమా పత్రం నకళ్లు ఇంట్లో పెట్టిపోవాలి. బడిలో, ఆసుపత్రిలో బిడ్డ తరఫున ఎవరు సంతకం పెడతారో రాసి ఇవ్వాలి. జేజి వేలిముద్రకు విలువ ఉండాలంటే ఆ కాగితం ఉండాలి.

పక్క రాష్ట్రానికి పిల్లలతో పోయేవాళ్లకు 2009 విద్యాహక్కు చట్టం పనికొస్తుంది. టి.సి. లేదని, వయసు పత్రం లేదని బడిలో చేర్చుకోకుండా పంపేయడానికి వీల్లేదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వలసకుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదని 9వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. ఈ మాట మన టీచరు ఒక కాగితం మీద రాసిచ్చినా ఆ తల్లికి బలం.

ఇవి తక్షణ పనులు. డిమాండ్లు ఇంకా పెద్దవి. గురుకులం, హాస్టలు వసతి ఒకటో తరగతి నుంచి, వలసతల్లుల పిల్లలకు ముందుగా దక్కాలి. ముసలామె దగ్గర పిల్లల్ని వదిలిపోక తప్పని ఇళ్లకు నెలనెలా పోషణ ఖర్చు ఇవ్వాలి. 30 ఏళ్ల కట్టడి వల్ల దొంగదారిన పోయినవాళ్లకు కూడా బీమా, రక్షణ వర్తించాలి. వలసకార్మికుల, వాళ్ల కుటుంబ సభ్యుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990లో ఒక ఒడంబడిక చేసింది. తల్లిదండ్రుల నివాసానికి అనుమతి ఉన్నా లేకున్నా బిడ్డకు పేరు, నమోదు, జాతీయత, చదువు హక్కులుగా దక్కాలని అందులో ఉంది. భారతదేశం దాని మీద సంతకం పెట్టలేదు, కువైట్ కూడా పెట్టలేదు. మన కార్మికుల రక్తం మీద డాలర్లు లెక్కపెట్టుకునే ప్రభుత్వాన్ని ఆ సంతకం ఎందుకు పెట్టలేదని అడగాలి.

అన్నిటికన్నా కిందనున్న డిమాండు పదో తరగతి. వాడలో ప్రతి ఆడపిల్లా పదో తరగతి దాటేదాకా బడిలో నిలిస్తే ఇ.సి.ఆర్. ముద్ర పడదు. డిగ్రీ దాకా నిలిస్తే రేపు ఆమె దేశం దాటాలనుకున్నప్పుడు బిడ్డను చంకనేసుకొని పోయే వీలుంటుంది. పోకూడదనుకుంటే ఇక్కడే నిలబడే బలం కూడా ఉంటుంది. పోవడమైనా ఉండడమైనా ఆమె నిర్ణయం కావాలి. ఆ రోజు వచ్చేదాకా, కువైట్ పోయిన తల్లిని నిందించే నోటిని వాడలోనైనా ఊర్లోనైనా మనం ఎదుర్కోవాలి.